ముందు షికమో, ఆ తర్వాతే రంగు డబ్బా

టాంజానియాకు సేవాయాత్ర మీద వెళ్తున్న విద్యార్థులు, వాళ్లను పంపుతున్న తల్లిదండ్రులు, వెంట వెళ్లే లెక్చరర్లు రాసిన ఉత్తరాలు ఈసారి బాగా వచ్చాయి. ఎక్కువమంది కిలిమంజారో కొండవాలులో, మోషీ పట్నం చుట్టుపక్కల పల్లెల్లో రెండు మూడు వారాలు గడపబోతున్నవాళ్లే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేం పద్నాలుగుమందిమి మూడు వారాలకు వెళ్తున్నాం. ఎవరికీ స్వాహిలీ రాదు. ఈ కాస్త కాలానికి భాష నేర్చుకోవడం దండగ కదా? ఇంగ్లిష్‌తో నెట్టుకురాలేమా? — డిగ్రీ విద్యార్థిని

జవాబు: పట్నంలో నెట్టుకురావచ్చు, పల్లెలో కష్టం. అక్కడి సర్కారు ప్రాథమిక బడిలో పాఠాలన్నీ స్వాహిలీలోనే చెబుతారు. ఇంగ్లిష్ మీడియం సెకండరీలో, అంటే ఫారమ్ వన్‌లో మొదలవుతుంది. 120కి పైగా తెగలున్న దేశాన్ని ఒక్కతాటిమీద నిలిపింది ఈ భాషే. బడిపంతులుగా పనిచేసి తొలి అధ్యక్షుడైన జూలియస్ న్యెరేరేను ఇప్పటికీ ‘మ్వలీము’ అనే తలుచుకుంటారు. మ్వలీము అంటే మాస్టారు. మీరు వెళ్లే బడిలో ప్రతి టీచరునూ అలాగే పిలవాలి.

భాషంతా అక్కర్లేదు, పాతిక మాటలు చాలు. కానీ వాటిని ఎప్పుడు, ఎవరితో అనాలో తెలియాలి. మొదటిది ‘షికమో’. ‘మీ పాదాలు పట్టుకుంటున్నాను’ అనే అర్థమున్న మాట నలిగి నలిగి ఇలా మిగిలింది. పెద్దవాళ్లు కనబడగానే అనేస్తారు, వంగనక్కర్లేదు. వాళ్లు ‘మరహబ’ అంటారు. మీ అమ్మానాన్నల ఈడు నుంచి పైవాళ్లకు ఇది తప్పనిసరి. ఐదారేళ్లు పెద్దవాళ్లకు చెప్పినా ఎక్కువేమీ కాదు. బడిలో చిన్నపిల్లలు మీకే షికమో చెబుతారు. అప్పుడు మరహబ అనాల్సింది మీరు. కంగారులో మీరూ షికమో అన్నారా, తరగతి మొత్తం పగలబడి నవ్వుతుంది. నవ్వితే నష్టమేం లేదు గానీ, ఆ పలకరింపును బదులివ్వకుండా వదిలేస్తే మాత్రం ఆ పిల్ల చిన్నబోతుంది.

మీ ఈడువాళ్లతో ‘మంబో’ అనండి, ‘పోఆ’ అని బదులొస్తుంది. ఊరిపెద్దను మంబో అని పలకరించడం, తాతగారిని ‘ఏరా, ఏంటి సంగతులు’ అన్నట్టే. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం బయటే నిలబడి ‘హోడీ’ అనాలి, లోపల్నుంచి ‘కరీబు’ వినిపించాక అడుగు పెట్టాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే తిరిగొచ్చేయాలి, కిటికీలోంచి తొంగిచూడకూడదు. కృతజ్ఞతకు ‘అసంతే’, ఇంకాస్త గట్టిగా చెప్పాలంటే ‘అసంతే సానా’. ఈ సానాకు మన పల్లెల ‘శానా’తో చుట్టరికం లేకపోయినా అర్థం అదే, ఒకసారి వింటే మరిచిపోరు.

మనవాళ్లు తరచూ తప్పుగా అర్థం చేసుకునే మాట ‘పోలే’. మీరు రాయి తట్టుకుని తూలితే చుట్టూ ఉన్నవాళ్లంతా పోలే అంటారు. ‘వాళ్లేం చేశారని క్షమాపణ చెబుతున్నారు?’ అనుకోకండి. అది మన ‘అయ్యో’. ఎండలో పనిచేస్తున్నవాళ్ల పక్కనుంచి వెళ్తూ ‘పోలే నా కాజీ’, ప్రయాణం చేసొచ్చినవాళ్లతో ‘పోలే నా సఫారీ’ అంటారు. పొలం గట్టు మీద మీరు ఈ మాట అంటే, పని ఆపి మరీ మిమ్మల్ని చూస్తారు.

ఇంకోటి ‘బాడో’, అంటే ఇంకా లేదు. పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగితే ‘హపానా’, అంటే లేదు అని తెగ్గొట్టి చెప్పరు, బాడో అంటారు. ఇంకా జీవితం ముందుంది కదా!

ఉచ్చారణకు ఒకటే సూత్రం: మాటలో చివర్నుంచి రెండో అక్షరాన్ని కాస్త ఒత్తి పలకాలి. బయల్దేరే ముందు రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు పెద్దవాళ్లుగా, ఒకరు విద్యార్థిగా సాధన చేయండి. కాగితం మీద రాసుకున్న మాట అవసరానికి నోటికి రాదు. అన్నిటికన్నా ముఖ్యం, పలకరింపు అయ్యాకే పని మాట ఎత్తాలి. ‘చీపురెక్కడ?’ అని సూటిగా అడిగితే చీపురు దొరుకుతుంది, కానీ ఈ పిల్లకు పెంపకం లేదన్న పేరు కూడా దొరుకుతుంది. ఇంట్లోవాళ్లెలా ఉన్నారు, రాత్రి నిద్ర ఎలా పట్టింది, పనులెలా సాగుతున్నాయి అని మూడు ముక్కలు అడిగి, వాళ్లు అడిగితే చెప్పి, అప్పుడు చీపురు.

ప్రశ్న: మా కాలేజీ తరఫున జూన్‌లో వెళ్లి ఒక పల్లె బడికి కొత్త గది కట్టించి రంగులేద్దామని, పిల్లలకు పాఠాలు చెబుదామని అనుకుంటున్నాం. మా పిల్లలు పన్నెండుమంది. ఏం సిద్ధం చేసుకోవాలి? — లెక్చరర్

జవాబు: ముందు తేదీలు మార్చుకోండి. జూన్ నెల చాలామటుకు అక్కడి బడులకు మధ్య సెలవులు. మీరు వెళ్లేసరికి బడిలో కాపలాదారు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. జూలై రెండో వారం తర్వాతైతే తరగతులు నడుస్తుంటాయి. పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా పడతాయి కాబట్టి జూలైలో నేల కూడా పొడిగా ఉంటుంది. కొండవాలులో రాత్రిళ్లు చలి ఉంటుంది, ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెట్టర్ మానేసినవాళ్లు వణుకుతారు.

ఇక గది. గోడ కట్టడం మీ పిల్లలకు రాదు. ఇందులో నామోషీ ఏమీ లేదు. రానివాళ్లు కట్టిన వంకర గోడను ఊరి మేస్త్రీ మళ్లీ విప్పి కట్టాల్సి వస్తుంది. అక్కడ మేస్త్రీని, వడ్రంగిని, దర్జీని, మెకానిక్‌ని, చేతిలో పనున్న ఎవరినైనా ‘ఫుండీ’ అంటారు. డబ్బు ఫుండీల కూలికి, సిమెంటుకు పెట్టండి. మీ పిల్లలను వాళ్ల చేతికింద పెట్టండి. ఆ చేతికింది పని చిన్నదేం కాదు. ఇటుకలు పేర్చే ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే పొడి ఇటుక సిమెంటు మాలులోని తడినంతా పీల్చేసుకుంటుంది, మాలు గట్టిపడకుండా తర్వాత గోకితే రాలిపోతుంది. కట్టిన గోడను వారం రోజులు రోజుకు రెండుమూడుసార్లు తడపాలి. ఇసుక జల్లెడ పట్టాలి. నీళ్లు మోయడానికే నలుగురు కావాలి. ఫుండీ పక్కన నిలబడి, ఆయన అడిగిన పనిముట్టు పేరు స్వాహిలీలో విని అందించే పిల్లవాడు మూడోరోజుకి ఆయన స్నేహితుడవుతాడు. ఆయనకే పని నేర్పబోయిన పిల్లవాడు కాడు.

రంగుల దగ్గర చాలా బృందాలు చేసే తప్పు తొందర. కొత్త సిమెంటు పూత ఆరడానికి నాలుగు వారాలు, అంటే 28 రోజులు పడుతుంది. లోపల తడి, క్షారం ఉండగానే రంగేస్తే బుడగలొచ్చి పొరలుగా ఊడుతుంది. అందుకని మీ మూడు వారాల్లో కొత్త గది కట్టి అదే గదికి రంగెయ్యడం కుదరదు. కొత్త గదికి పునాది వేసి గోడలు లేపండి, రంగు పాత గదికి వెయ్యండి.

లెక్క ఇలా చూసుకోండి. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదికి గోడల వైశాల్యం 84 చదరపు మీటర్లు. తలుపులు, కిటికీలకు 12 తీసేస్తే 72. రెండు పూతలకు 144. నున్నటి గోడమీద లీటరు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది. గరుకు గోడ ఇంకొంచెం తాగుతుంది. 20 లీటర్ల బకెట్ ఒకటి తీసుకుంటే నిశ్చింత. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు, మరకలు కడిగితే పోయేలా ముదురు ఆయిల్ పెయింట్ వేరుగా తీసుకోండి, పిల్లల చేతులు ఆనేది అక్కడే. ముందురోజు గోడలు గోకి, దుమ్ము దులిపి, కడిగి ఆరబెట్టాలి. దుమ్ము మీద వేసిన రంగు దుమ్ముతోనే పోతుంది. అంత గదిలో ఒకేసారి పన్నెండుమంది దిగితే ఒకరి రోలర్ ఇంకొకరి వీపు మీద పడుతుంది. నలుగురు రోలర్లతో, ఇద్దరు అంచుల బ్రష్షులతో చాలు, మిగతావాళ్లు ఇటుకల దగ్గర.

పాఠాల సంగతి. మూడు వారాల కోసం వచ్చి లెక్కలో, సైన్సో మొదలుపెడితే అక్కడి టీచరు సిలబస్ వెనకబడుతుంది. మీ పిల్లలు నిజంగా ఉపయోగపడేది ఫారమ్ వన్, ఫారమ్ టూ వాళ్లకు. ఏడేళ్లు స్వాహిలీలో చదివి, ఒక్కసారిగా అన్ని సబ్జెక్టులూ ఇంగ్లిష్‌లో చదవాల్సి వచ్చిన పిల్లలు వాళ్లు. చదవగలరు, రాయగలరు, నోరు తెరిచి మాట్లాడటానికి మొహమాటపడతారు. బడి అయ్యాక గంటసేపు ఇద్దరేసి జతలుగా కూర్చోబెట్టండి. మొదటి అరగంట ఇంగ్లిష్, రెండో అరగంట స్వాహిలీ. రెండో అరగంటలో తప్పులు మాట్లాడేది మీవాళ్లు, దిద్దేది వాళ్లు. అది చూశాక మొదటి అరగంటలో వాళ్ల బెరుకు ఎటుపోతుందో తెలీదు.

ప్రశ్న: మా అమ్మాయి మాంసం, చేప, గుడ్డు ముట్టదు. అక్కడ ఒక ఇంట్లో ఉంచుతారట. ఏం తిని బతుకుతుంది? — ఒక తల్లి

జవాబు: బెంగపడకండి, బాగానే తింటుంది. అక్కడి రోజువారీ భోజనం ‘ఉగాలీ’, మొక్కజొన్న పిండి సంకటి. మరుగుతున్న నీళ్లలో ముందు కొద్దిగా పిండి కలిపి జావలా ఉడకనిచ్చి, మిగతా పిండి కొంచెం కొంచెంగా వేస్తూ కర్ర తెడ్డుతో తిప్పుతారు. ఆ తెడ్డును ‘మ్వీకో’ అంటారు. పిండంతా ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. గిన్నె అంచులు వదిలేసి ముద్దయ్యాక దించుతారు. తినడం కుడిచేత్తోనే. నిమ్మకాయంత ముద్ద తీసి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటతో కూర తీసుకోవాలి. సంకటి తెలిసినవాళ్లకు రెండోరోజుకే అలవాటైపోతుంది.

కూరల్లో ‘మ్చీచా’ అంటే తోటకూర. కొబ్బరిపాలతోనో, వేరుశనగపొడితోనో వండితే అద్భుతంగా ఉంటుంది. ‘మహరాగే’ అంటే చిక్కుడు జాతి గింజల కూర. అన్నం ‘వాలీ’. కొండవాలులో ఉండే చాగా తెగవాళ్ల పెరళ్లలో అరటి, కాఫీ కలిపి పెంచుతారు, వంటలో పచ్చి అరటికాయ బాగా వాడతారు. చపాతీ, చాయ్ అవే పేర్లతో దొరుకుతాయి.

ఇబ్బంది ఎక్కడంటే, ‘మాంసం తినను’ అంటే ముక్కలు తీసేసి పులుసు వడ్డించేవాళ్లుంటారు. ‘దగా’ అనే బుల్లి ఎండుచేపలను కొన్ని ఇళ్లలో మాంసం కిందే లెక్కవేయరు. కాబట్టి విడివిడిగా చెప్పాలి: ‘సీలీ న్యామా, సీలీ సమాకీ, సీలీ మయాయీ’. మాంసం తినను, చేప తినను, గుడ్డు తినను. ఈ మాట మొదటిరోజు, వంట మొదలుకాక ముందు చెప్పాలి. వాళ్లు అతిథి కోసం కోడిని కోసి వండి పెట్టాక పళ్లెం ముందు కూర్చుని చెబితే ఇద్దరికీ బాధే. వట్టి ‘వద్దు’తో సరిపెట్టకుండా ‘మ్చీచా ఇష్టం’ అని జోడించమనండి. ఏం పెట్టాలో తెలిస్తే ఆ ఇంటి ఇల్లాలికి ఊరట.

భోజనానికి ముందు ఇంట్లో చిన్నవాళ్లెవరో చెంబుతో నీళ్లు, కింద బేసిన్ పట్టుకుని వచ్చి చేతులమీద పోస్తారు. పోసినవాళ్లకు అసంతే చెప్పాలి. నాలుగోరోజు నుంచి ఆ చెంబు మీ అమ్మాయి అందుకుంటే, ఇక ఆమె ఆ ఇంట్లో చుట్టం కాదు. ఎవరైనా తింటూ ‘కరీబు’ అని పిలిస్తే ఒక ముద్ద తినొచ్చు, లేదా ‘అసంతే, నిమెషీబా’ అనొచ్చు. కడుపు నిండింది అని.

ప్రశ్న: బస్ టికెట్ మీద ‘సా 2’ అని రాస్తే మధ్యాహ్నం రెండింటికి వెళ్లాలా? — విద్యార్థి

జవాబు: అప్పటికి బస్సు వెళ్లిపోయి ఆరుగంటలవుతుంది. స్వాహిలీలో పగటి లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. ఉదయం ఏడు గంటలు ‘సా మోజా’, ఒకటో గంట. ఎనిమిది ‘సా ంబీలీ’, రెండో గంట. సూర్యోదయాన్నుంచి ఘడియలు లెక్కపెట్టే పంచాంగం చూసిన ఇళ్లవాళ్లకు ఇది వింతేమీ కాదు. చిట్కా: గడియారంలో చిన్నముల్లు చూపే అంకెకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె స్వాహిలీ గంట. ఏడుకెదురు ఒకటి, ఎనిమిదికెదురు రెండు. టికెట్ కొన్నప్పుడే ఉదయమైతే ‘అసుబూహీ’, రాత్రైతే ‘ఉసీకూ’ అని అడిగి, మీ ఫోన్‌లో టైము చూపించి ఖాయం చేసుకోండి. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లు మామూలు గంటలే చెబుతారు, గందరగోళమంతా సగం ఇంగ్లిష్, సగం స్వాహిలీ మాటల్లోనే.

ప్రశ్న: చివరిరోజు సాంస్కృతిక కార్యక్రమం పెట్టమన్నారు. మేం నాలుగు డాన్సులు, వాళ్లు నాలుగు డాన్సులు అనుకున్నాం. ఇంకేమైనా సలహా ఇస్తారా? — విద్యార్థి బృందం

జవాబు: డాన్సులు వేసుకోండి. కాకపోతే ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చూడటమే అవుతుంది. ఒకే పలక చుట్టూ ఇద్దరూ కూర్చునేది ఒకటుంది, దాన్ని చివరిరోజు దాకా ఆపకుండా మొదటి వారంలోనే మొదలుపెట్టండి. దాని పేరు ‘బావో’.

మన వామనగుంటలకు ఇది దగ్గరి బంధువు. వామనగుంటల పీటకు రెండు వరసల్లో ఏడేసి, పద్నాలుగు గుంటలు. బావో పలకకు నాలుగు వరసల్లో ఎనిమిదేసి, ముప్పై రెండు గుంటలు, అరవై నాలుగు గింజలు. గింజలను ‘కేటే’ అంటారు. వాటిని చేతిలోకి తీసుకుని చూడండి: బూడిద రంగులో, నున్నగా, గోళీల్లా ఉంటాయి. అవి చాలాచోట్ల మన గచ్చకాయలే! టాంజానియా సముద్రతీరంలో కూడా అదే ముళ్లతీగ పెరుగుతుంది.

పెద్దవాళ్లాడే బావోలో ఆట మొదట్లో ఒక్కొక్కరి చేతిలో 22 గింజలుంటాయి, పలకమీద ఒక్కొక్కరివి పదే ఉంటాయి. అది మూడు వారాల్లో పట్టుబడదు. కొత్తవాళ్ల కోసం ‘బావో లా కుజిఫుంజా’ అనే తేలిక ఆట ఉంది. ప్రతి గుంటలో రెండేసి గింజలు పోస్తారు. మీకు దగ్గరున్న రెండు వరసలు మీవి, అవతలి రెండు ఎదుటివాళ్లవి. గింజలు పంచేది మీ రెండు వరసల్లోనే. చివరి గింజ మీ లోపలి వరసలో ఖాళీకాని గుంటలో పడి, దానికెదురుగా అవతలివాళ్ల లోపలి గుంటలో గింజలుంటే అవి మీవి. ఇక్కడే మనవాళ్లు తడబడతారు. వామనగుంటల్లో గెలిచిన గింజలు ఒళ్లోకి వెళ్లిపోతాయి, బావోలో వాటిని మళ్లీ మీ వైపు గుంటల్లోనే పంచాలి. పలకమీద గింజలెప్పుడూ తగ్గవు. ఎవరి లోపలి వరస ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు.

సాయంత్రం చెట్టుకింద ఆడుతున్న పెద్దల దగ్గరకు వెళ్లి, షికమో చెప్పి, పక్కన కూర్చుని రెండు ఆటలు ఊరికే చూడండి. మూడో ఆటకు వాళ్లే జరిగి చోటిస్తారు. మీరు వామనగుంటలు చూపించడానికి పీట కూడా అక్కర్లేదు, నేలమీద పద్నాలుగు గుంటలు తీస్తే చాలు. ఓ మాట, అక్కడి ముసలాయనను మొదటి వారంలో ఓడిద్దామన్న ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: పంచిపెట్టడానికి పాతబట్టలు, చాక్లెట్లు, ఫుట్‌బాల్స్ తీసుకెళ్దామనుకుంటున్నాం. సరేనా? నన్ను ఉంచుకునే ఇంటి అమ్మకు అక్కడే కొని ఏమివ్వొచ్చు? — ఇద్దరు విద్యార్థినులు

జవాబు: పాతబట్టలు వద్దు. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చే పాతబట్టలకు అక్కడ పెద్ద బజారే ఉంది, ‘మిటుంబా’ అంటారు. మీ లగేజీ బరువుకు కట్టే డబ్బుతో అక్కడ అంతకన్నా మంచివి దొరుకుతాయి. చాక్లెట్లు రోడ్డుమీద పంచితే రేపటినుంచి మీ వెంటపడే పిల్లలు స్నేహం కోసం రారు, చాక్లెట్ల కోసం వస్తారు. తప్పు వాళ్లది కాదు, అలవాటు చేసినవాళ్లది.

బంతులు మంచివే. చిన్నపిల్లలకు 4వ సైజు, సెకండరీ పిల్లలకు 5వ సైజు. ప్రతి రెండు బంతులకు ఒక పంపు, ఐదారు సూదులు తప్పనిసరి. పంపు లేని బంతి రెండు వారాల్లో మూలపడుతుంది. సూది గుచ్చే ముందు నీళ్లతో తడపాలని బంతి చూసుకునే పిల్లలకు చూపించండి, పొడి సూది గుచ్చితే వాల్వు చిరిగి గాలి నిలవదు. ఏదిచ్చినా హెడ్‌మాస్టరు చేతికివ్వండి, ఆయన బడి పుస్తకంలో రాయించుకుంటారు. ప్యాకింగుకు ప్లాస్టిక్ సంచులు వాడొద్దు. 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో అవి నిషిద్ధం, విమానాశ్రయంలోనే తీయించేస్తారు. సబ్బు, పేస్టు పెట్టుకునే జిప్ సంచులకు మినహాయింపుంది.

ఇంటి అమ్మకు ‘కాంగా’ ఇవ్వండి. సుమారు మీటరున్నర పొడవు, మీటరు వెడల్పుండే నూలు గుడ్డ, జతగా అమ్ముతారు. ఒకటి నడుముకు, ఒకటి భుజాలమీదుగా. అయితే కొనేముందు ఒక్క పని చెయ్యాలి. కాంగా చుట్టూ అంచు ఉంటుంది, మధ్యలో బొమ్మ, ఆ బొమ్మకు కింద ఒక వరస అక్షరాలుంటాయి. అది సామెతో, దీవెనో, ఎత్తిపొడుపో అయి ఉంటుంది. ఆడవాళ్లు నోటితో అనలేని మాటను కాంగా కట్టుకుని అనేస్తారు. ఇరుగుపొరుగు అసూయను దెప్పే మాటలున్నవి కొల్లలు. రంగు బాగుందని కొనేసి, ‘నీ కుళ్లు నాకు తెలుసు’ అనే అర్థమున్న గుడ్డను అన్నంపెట్టిన అమ్మ చేతిలో పెట్టారనుకోండి! అందుకని దుకాణంలోనే చదివించుకోండి, ‘మామా’, అంటే అమ్మ, అన్న మాట ఉన్నది అడగండి. పక్కనే అమ్మే ‘కిటెంగే’ గుడ్డమీద రాత ఉండదు, అది కుట్టించుకోవడానికి.

ప్రశ్న: అక్కడివాళ్లు మనల్ని ఎలా చూస్తారు? — ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: ‘మ్‌హిందీ’ అంటారు, బహువచనం ‘వాహిందీ’. తిట్టు కాదు, భారతీయుడని అర్థం. భారత సంతతివాళ్లు ఆ తీరాన తరాలుగా వ్యాపారం చేస్తున్నారు, కాబట్టి మీకు దుకాణం ఉందనుకుని ధర అడిగేవాళ్లు కూడా తగలొచ్చు. 1971లో ప్రభుత్వం పెద్ద భవనాలను జాతీయం చేసినప్పుడు వాటిలో ఎక్కువ వీళ్లవే. ఆ పాత సంగతులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి, వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, వాదించకండి. మాట కలపడానికి భాషే సాయం చేస్తుంది: దుకాణానికి ‘దుకా’, డబ్బుకు ‘పేసా’, లక్షకు ‘లాకీ’, రంగుకు ‘రంగీ’, బీమాకు ‘బీమా’, పచ్చడికి ‘అచారీ’. మూడుచక్రాల ఆటోను ‘బజాజీ’ అంటారు, ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: అనాథాశ్రమంలో ఒక రోజు గడిపి, పిల్లలతో ఫొటోలు దిగి పెట్టుకోవచ్చా? — డిగ్రీ విద్యార్థిని

జవాబు: వద్దు. అలాంటి ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకు తల్లో, తండ్రో, దగ్గరివాళ్లో ఉంటారు. సందర్శకులు ఇచ్చే డబ్బుకోసం పిల్లలను అక్కడ అట్టిపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. వారానికో కొత్త బృందం వచ్చి ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోతే, ప్రతి వారం ఒక ఎడబాటు ఆ పిల్లలకు.

బడిలో ఫొటోలకు హెడ్‌మాస్టరు అనుమతి, పెద్దవాళ్ల ఫొటోకు ‘నావోంబా కుపీగా పీచా’ అని వాళ్లనే అడగడం, ఈ రెండూ మానకండి. పోలీసు, సైనిక కట్టడాల వైపు కెమెరా ఎత్తకండి.

ప్రశ్న: టూరిస్టు వీసా చాలంటున్నారు. మందులు, టీకాల సంగతేమిటి? — ఒక తండ్రి

జవాబు: 50 డాలర్ల మామూలు వీసా చూసిరావడానికే. జీతం తీసుకోకుండా చేసే సేవ కూడా వాళ్ల చట్టంలో పనికిందే వస్తుంది. తక్కువ రోజుల పనికి 250 డాలర్ల బిజినెస్ వీసా, ఎక్కువకాలానికి ‘క్లాస్ సి’ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నాయి. మీ బృందానికి ఏది వర్తిస్తుందో ఆహ్వానించే సంస్థ ద్వారా అక్కడి ఇమిగ్రేషన్ శాఖ నుంచి కాగితం మీద తెప్పించుకోండి. బడిలో తనిఖీకి వచ్చినప్పుడు టూరిస్టు వీసాతో దొరికితే జరిమానా, వెనక్కి పంపడం రెండూ జరుగుతాయి.

విమానం ఆడిస్ అబాబా మీదుగానో, నైరోబీ మీదుగానో వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడమే క్షేమం. మజిలీ 12 గంటలు దాటితే టాంజానియా సర్టిఫికెట్ అడుగుతుంది, తిరుగు ప్రయాణంలో ఇక్కడా అడగొచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. వారం ముందు వేయించుకుంటే పనికిరాదు.

మలేరియాకు టీకా మీద ఆధారపడకండి, మాత్రలే. డాక్టరు రాసేది ఏదో దాన్నిబట్టి లెక్క మారుతుంది: అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు. అందరూ చేసే పొరపాటు ఇల్లు చేరగానే మానేయడం. దోమతెర వాడాలి, సంధ్య నుంచి తెల్లారేదాకా ఒళ్లు కప్పుకోవాలి. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, అదేరోజు రక్తపరీక్ష చేయించాలి.

ప్రశ్న: పోయినేడు వెళ్లొచ్చాను. అక్కడి స్నేహితుడు వాట్సాప్‌లో అన్న పెళ్లికి డబ్బు పంపమంటున్నాడు. ఇన్నాళ్ల స్నేహం డబ్బు కోసమేనా అనిపించి మనసు విరిగింది. — విద్యార్థి

జవాబు: విరగాల్సిన పని లేదు. అతను అడిగింది ‘మ్చాంగో’. అక్కడ పెళ్లి ఖర్చును బంధువులు, స్నేహితులు, తోటి ఉద్యోగులు తలా కొంత వేసుకుని నడిపిస్తారు. దీనికి ఒక కమిటీ ఉంటుంది, ఎవరెంత ఇస్తామన్నారో పుస్తకంలో రాస్తారు, గడువు దాటితే గుర్తుచేస్తారు. మన చదివింపులు పెళ్లిరోజు పడతాయి, వాళ్లవి పెళ్లికి ముందే పడతాయి, అంతే తేడా. చావు జరిగిన ఇంటికి ఇచ్చేదాన్ని ‘రంబీరంబీ’ అంటారు. మీకు మ్చాంగో అడుగుతూ చీటీ వచ్చిందంటే మిమ్మల్ని లెక్కలో వేసుకున్నారన్నమాట.

ఎంత? అతని ఈడు స్నేహితులు అక్కడ ఎంతిస్తున్నారో అతన్నే అడగండి, అంతే పంపండి. విదేశం నుంచి కదా అని పదింతలు పంపితే అతను మీ ముందు తలెత్తలేడు, రేపటి చీటీ కూడా ఆ లెక్కనే వస్తుంది. మీ బృందంలో నలుగురికీ చీటీలొస్తే అంతా కలిపి ఒకరి చేత ఎం-పెసాలో, అంటే ఫోన్ ద్వారా డబ్బు పంపే పద్ధతిలో, వేయించండి. వేశాక అన్నగారికి ‘హొంగేరా’ అని వాయిస్ మెసేజ్ పెట్టండి, అంటే అభినందనలు.

మ్చాంగో వేరు, ఫోన్ కొనివ్వమనడం, అప్పడగడం వేరు. వీటికి ‘ఇప్పుడు వీలుకాదు’ అని ఒకేసారి చెప్పేయండి, ‘చూద్దాం’ అనొద్దు, చూద్దాం అంటే అవుననే అనుకుంటారు. చదువు ఫీజు అని అడిగితే కొంచెం వివరంగా కనుక్కోండి. సర్కారు బడుల్లో 2016 నుంచి ఫారమ్ ఫోర్ దాకా, 2022 నుంచి ఫారమ్ సిక్స్ దాకా ట్యూషన్ ఫీజు లేదు. యూనిఫాం, పుస్తకాలు, హాస్టలు భోజనం ఖర్చులు మాత్రం ఉంటాయి. సాయం చేయాలనుకుంటే బడి ఖాతాకే కట్టి రసీదు తెప్పించుకోండి, రసీదు మీద పిల్లవాడి పేరు, తరగతి ఉండాలి.